ఓనర్ లోన్ కట్టక బ్యాంకు ఇంటికి నోటీసు అంటిస్తే, అద్దెకున్న మీరు ఏం చేయాలి

"బ్యాంకు వాళ్లు వచ్చి గోడకి కాగితం అంటించి ఫొటో తీసుకుని వెళ్లారు, ఓనర్ ఫోన్ ఎత్తడం లేదు, మేం రేపే ఖాళీ చేయాలా, మా అడ్వాన్స్ ఎవరిస్తారు?" కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఎక్కడున్నా పద్ధతి ఒకటే, ఎందుకంటే బ్యాంకులు ఇళ్లు జప్తు చేసేది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, అది దేశమంతటికీ వర్తిస్తుంది.

ముందు ఊపిరి పీల్చుకోండి. గోడ మీద కాగితం పడినంత మాత్రాన రేపు మీ సామాను రోడ్డు మీద పడదు. అలాగని "అప్పు ఓనర్‌ది కదా, మనకేంటి" అని ఊరుకుంటే మాత్రం నిజంగానే ఒకరోజు పోలీసులతో కలిసి వచ్చి తాళం వేస్తారు. ఈ రెండింటి మధ్య మీకు కొంత సమయం ఉంటుంది. దాన్ని ఎలా వాడుకోవాలన్నదే అసలు విషయం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

రెంటల్ అగ్రిమెంట్ (పాతవి ఉంటే అన్నీ, రెన్యువల్ చేసిన ప్రతి ఏడాదివీ), అద్దె పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్లు లేదా యూపీఐ హిస్టరీ, అడ్వాన్స్ ఇచ్చినట్టు రుజువు, ఈ ఇంటి అడ్రస్‌తో ఉన్న గ్యాస్ బుక్, ఆధార్, పిల్లల స్కూల్ కాగితాల్లాంటివి, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ కోసం ఇచ్చిన రసీదులు, ఓనర్‌తో జరిగిన వాట్సాప్ చాట్ బ్యాకప్, అంటించిన నోటీసు ఫొటో. అద్దె ఇన్నాళ్లూ నగదుగా ఇచ్చి రసీదు తీసుకోని వాళ్లకి ఇక్కడే కష్టం. ఈ నెల నుంచైనా అకౌంట్ నుంచే పంపండి.

1. అంటించిన కాగితం ఏదో చదవండి

అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో అర్థం. కాగితంలో సెక్షన్ నంబర్ వెతకండి.

సెక్షన్ 13(2) అని ఉంటే అది డిమాండ్ నోటీసు. ఓనర్‌కి 60 రోజులు గడువిచ్చి బాకీ కట్టమంటున్నారు. దీనికి ముందే కిస్తీలు 90 రోజులకు పైగా ఆగిపోయి లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అయి ఉంటుంది. ఈ నోటీసు అద్దెవాళ్లకి ఇవ్వాలని చట్టంలో లేదు, అందుకే చాలామందికి ఈ దశ తెలియనే తెలియదు. నాకైతే ఇది పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది, ఇంట్లో ఉండేది మీరు, కబురు మాత్రం వేరే ఊళ్లో ఉన్న ఓనర్‌కి.

సెక్షన్ 13(4), పొసెషన్ నోటీసు అని ఉంటే 60 రోజులు అయిపోయాయి, బ్యాంకు ఇంటిని కాగితం మీద స్వాధీనం చేసుకుంది. దీన్నే సింబాలిక్ పొసెషన్ అంటారు. మీరు ఇంట్లోనే ఉంటారు, తాళాలు మీ దగ్గరే ఉంటాయి. ఏడు రోజుల్లోపు రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. చాలామంది అద్దెవాళ్లకి విషయం తెలిసేది ఈ దశలోనే.

సేల్ నోటీసు, ఈ-వేలం అని ఉంటే ఇల్లు అమ్మకానికి పెట్టారు. మొదటిసారి వేలానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఉండాలి, ఆ వేలంలో ఎవరూ కొనకపోతే తర్వాతి వేలానికి 15 రోజులు చాలు.

సెక్షన్ 14 ఆర్డర్ అని ఉంటే, లేదా అడ్వకేట్ కమిషనర్ (ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి మేజిస్ట్రేట్ నియమించిన లాయర్) పేరుతో నోటీసు వస్తే, ఇక ఆలస్యం చేయకండి. అంటే ఇంటిని భౌతికంగా ఖాళీ చేయించడానికి చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ గానీ, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ గానీ, కలెక్టర్ గానీ ఆర్డర్ ఇచ్చారని అర్థం.

హెచ్చరిక: కాగితం ఏదీ లేకుండా "బ్యాంకు నుంచి వచ్చాం, సాయంత్రానికి ఖాళీ చేయండి" అనే రికవరీ ఏజెంట్ల మాటకి ఇల్లు వదలకండి. అప్పు మీది కాదు, మిమ్మల్ని బెదిరించే హక్కు వాళ్లకి లేదు. ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ చూపించమనండి, బలవంతం చేస్తే 100 గానీ 112 గానీ కొట్టండి. అప్పిచ్చింది ప్రైవేటు వడ్డీ వ్యాపారి అయితే అతనికి ఈ చట్టమే వర్తించదు, సివిల్ కోర్టుకి వెళ్లి డిక్రీ తెచ్చుకోవాల్సిందే.

2. మూడు తేదీలు ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి

ఇది చేయకుండా లాయర్ దగ్గరికి వెళ్లినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇదే. మీ హక్కు ఎంతన్నది దాదాపు పూర్తిగా ఈ తేదీల మీదే ఉంటుంది.

మొదటిది, మీరు ఇంట్లో దిగిన తేదీ, అగ్రిమెంట్ తేదీ. రెండోది, ఓనర్ ఇల్లు బ్యాంకుకి తనఖా పెట్టిన తేదీ. మూడోది, 13(2) నోటీసు తేదీ.

తనఖా తేదీ తెలుసుకోవడం ఎలా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో (తెలంగాణకి, ఆంధ్రకి వేర్వేరు సైట్లు) ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయండి. మన దగ్గర టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసి లోన్ తీసుకున్నా సాధారణంగా రిజిస్టర్ చేయిస్తారు కాబట్టి ఈసీలో కనిపిస్తుంది. ఈసీలో లేకపోతే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. 13(2) తేదీ కోసం ఎక్కడా తిరగక్కర్లేదు, పొసెషన్ నోటీసులోనే "ఫలానా తేదీన డిమాండ్ నోటీసు ఇచ్చాం" అని రాసి ఉంటుంది.

ఇప్పుడు పోల్చండి:

మీరు తనఖాకి ముందే దిగి, రిజిస్టర్ చేసిన లీజు ఉండి, దాని గడువు ఇంకా మిగిలి ఉంటే మీ పరిస్థితి గట్టిగా ఉన్నట్టే. ఆ గడువు పూర్తయ్యేదాకా ఉండే హక్కు కోసం పోరాడవచ్చు.

తనఖా తర్వాత, 13(2) నోటీసుకి ముందు దిగితే (అద్దెవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఉంటారు) మధ్యస్థం. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 65ఎ ప్రకారం తనఖాలో ఉన్న ఇంటిని ఓనర్ అద్దెకివ్వవచ్చు, కానీ మార్కెట్ అద్దెకే ఇవ్వాలి, అద్దె ముందుగా తీసుకోకూడదు, ఇల్లయితే మూడేళ్లు దాటకూడదు. పైగా బ్యాంకుతో రాసుకున్న తనఖా పత్రంలో "మా అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదు" అని ఉంటే ఇది కూడా నిలబడటం కష్టం, చాలా పత్రాల్లో ఆ మాట ఉంటుంది.

13(2) నోటీసు తర్వాత దిగితే రక్షణ లేదనే అనుకోండి. ఆ నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అద్దెకివ్వకూడదని సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(13) చెబుతోంది. ఇలాంటప్పుడు మీ పోరాటం ఇంటి కోసం కాదు, మీ డబ్బు కోసం.

11 నెలల అగ్రిమెంట్ గురించి ఒక మాట. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్ లేదా నోటి మాట మీద ఉంటే, ఆ తేదీ నుంచి ఏడాదికి మించి ఉండే హక్కు బ్యాంకు మీద చెల్లదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్లుగా ఉంటున్నాం కదా అంటే కుదరదు, చేతిలో ఉన్న తాజా అగ్రిమెంట్ ఏమిటన్నదే చూస్తారు. గడువు అయిపోయి, రెన్యువల్ చేయకుండా అలాగే అద్దె కడుతూ ఉంటున్న వాళ్ల పరిస్థితి ఇంకా బలహీనం.

హెచ్చరిక: ఈ దశలో ఓనర్ ఫోన్ చేసి "పాత తేదీతో మూడేళ్ల అగ్రిమెంట్ రాసిస్తా, బ్యాంకు వాళ్లకి చూపించు, నిన్నెవరూ కదిలించలేరు" అంటాడు. ఒప్పుకోకండి. స్టాంప్ పేపర్ ఏ రోజు కొన్నదీ దాని మీదే ఉంటుంది, ఈ-స్టాంప్ అయితే నిమిషంతో సహా. దొరికితే మీకున్న నిజమైన హక్కు కూడా పోతుంది, పైగా ఫోర్జరీ కేసు మీ మీదకు వస్తుంది.

3. అద్దె ఆపకండి

అందరూ చేసే తప్పు ఇదే. "ఇల్లే పోతోంది, అద్దె ఎందుకు కట్టాలి" అనిపించడం సహజం. కానీ అద్దె ఆపిన రోజు నుంచి మీరు బాకీదారు అవుతారు, ఓనర్‌కి మిమ్మల్ని ఖాళీ చేయించే కారణం మీరే ఇచ్చినట్టవుతుంది, డెట్స్ రికవరీ ట్రిబ్యునల్‌లో (డీఆర్‌టీ, దీని గురించి కింద 7లో చెప్పాను) నిలబడ్డప్పుడు కూడా మొదటి ప్రశ్న అద్దె కడుతున్నారా అనే.

ఎవరికి కట్టాలి? బ్యాంకు నుంచి మీ పేరు మీద "ఇకపై అద్దె మాకు కట్టండి" అని రాతపూర్వక నోటీసు రానంత వరకు ఓనర్‌కే, అకౌంట్‌కే. 13(4) కింద అలాంటి నోటీసు వస్తే ఆ తర్వాతి అద్దె బ్యాంకుకే కట్టాలి. అలా కట్టింది ఓనర్‌కి కట్టినట్టే లెక్క అని చట్టమే చెబుతోంది, కాబట్టి ఓనర్ వచ్చి రెండోసారి అడగలేడు. ఫోన్‌లో చెప్పిన అకౌంట్ నంబర్‌కి మాత్రం పంపకండి, బ్రాంచికి వెళ్లి లెటర్‌హెడ్ మీద లోన్ అకౌంట్ నంబర్ తీసుకోండి. ఇలాంటి సందు దొరికితే దూరే మోసగాళ్లు తక్కువేం లేరు.

4. బ్యాంకుకి ఉత్తరం రాయండి, ఈ వారమే

నోటీసు కింద ఆథరైజ్డ్ ఆఫీసర్ పేరు, అడ్రస్ ఉంటాయి. ఆయనకే రాయాలి. ఇంత చాలు:

"మీరు ఫలానా తేదీన పొసెషన్ నోటీసు అంటించిన ఇంట్లో నేను ఫలానా తేదీ నుంచి నెలకు ఇంత అద్దెకు ఉంటున్నాను. అడ్వాన్స్‌గా ఇంత ఇచ్చాను. అగ్రిమెంట్, అద్దె చెల్లింపుల కాపీలు జతచేస్తున్నాను. నేను అద్దెకున్న విషయాన్ని మీ రికార్డుల్లోనూ, సేల్ నోటీసులోనూ నమోదు చేయగలరు. సెక్షన్ 14 కింద దరఖాస్తు చేస్తే నా విషయం మేజిస్ట్రేట్‌కి తెలియజేయగలరు. అద్దె మీకు కట్టాలంటే రాతపూర్వకంగా తెలపగలరు."

స్పీడ్ పోస్టులో పంపండి, మెయిల్ కూడా చేయండి, రసీదు దాచండి. ఇంత చిన్న ఉత్తరానికి ఇంత పట్టు ఎందుకంటే, ఆస్తి మీద తమకు తెలిసిన భారాలను సేల్ నోటీసులో చూపించాలని నిబంధన ఉంది. మీరు చెప్పకపోతే "మాకు తెలియదు" అంటారు. మీ పేరు రికార్డులోకి ఎక్కితే మాత్రం కొనేవాడికీ తెలుస్తుంది, బ్యాంకుకీ మీతో మాట్లాడాల్సిన అవసరం వస్తుంది.

5. అడ్వాన్స్ సంగతి

కఠినంగా ఉన్నా నిజం చెప్పాలి. అడ్వాన్స్ బాకీ ఓనర్‌దే, బ్యాంకుది కాదు. వేలంలో కొన్నవాడు కూడా సాధారణంగా ఇవ్వడు. అందుకే బ్యాంకు నుంచి అద్దె నోటీసు రాకముందే కదలాలి.

ఓనర్ మాట్లాడే స్థితిలో ఉంటే "అడ్వాన్స్ రాబోయే నెలల అద్దెలో సర్దుబాటు చేసుకుంటాం" అని అడిగి, వాట్సాప్‌లోనైనా సరే, ఆయన "సరే" అన్నట్టు రాతలో తీసుకోండి. ఆయన ఒప్పుకోకుండా మీ అంతట మీరు ఆపేస్తే పైన చెప్పిన అద్దె బాకీ సమస్యే వస్తుంది. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చిన వాళ్లకి ఈ సర్దుబాటుతో దాదాపు అయిపోతుంది.

మాట్లాడకపోతే లాయర్ నోటీసు, తర్వాత మనీ సూట్, అంటే డబ్బు రాబట్టుకునే సివిల్ దావా. దీనికి మూడేళ్ల గడువు (లిమిటేషన్) ఉంది. 13(2) నోటీసు అందుకున్నాక కూడా ఆ సంగతి దాచి మీ దగ్గర డబ్బు తీసుకుని ఇల్లిచ్చి ఉంటే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318 కింద పోలీసు కంప్లయింట్ ఇవ్వవచ్చు. తేదీల కాగితం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ "లీజు" అని, భోగ్యం అని, నెల అద్దె లేకుండా ఒకేసారి లక్షలు ఇచ్చి రెండు మూడేళ్లు ఉండే పద్ధతి ఉంది. ఓనర్ ఆ డబ్బుతో వేరే అప్పు తీర్చుకుని, ఇంటి లోన్ మాత్రం కట్టడం మానేస్తే మీ పది, పదిహేను లక్షలు ఇరుక్కుంటాయి. డబ్బంతా ముందే ఇచ్చేశారు కాబట్టి 65ఎ పరీక్షలో కూడా ఇది నిలబడకపోయే ప్రమాదం ఉంది. రిజిస్టర్ చేయని లీజు అయితే మరీనూ. అలాంటి వాళ్లు ఈ ఆర్టికల్ పూర్తిగా చదివే లోపే లాయర్‌ని కలవడం మంచిది, నిజంగా.

6. ఉండాలా, వెళ్లాలా

నా అభిప్రాయం సూటిగా: రిజిస్టర్డ్ లీజు లేని మామూలు 11 నెలల అద్దెవాళ్లు ఇంటి కోసం ట్రిబ్యునల్‌కి వెళ్లడం కంటే, బ్యాంకుతో గడువు మాట్లాడుకుని గౌరవంగా వెళ్లడం మేలు. ఆథరైజ్డ్ ఆఫీసర్‌ని స్వయంగా కలిసి, "పిల్లల పరీక్షలు ఫలానా నెలలో అయిపోతాయి, ఆ నెలాఖరుకి తాళాలు మీకే ఇస్తాను, రాసిస్తాను" అనండి. గొడవ లేకుండా ఖాళీ ఇల్లు చేతికొస్తే వేలంలో ధర బాగా పలుకుతుంది కాబట్టి చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నది రాతలో తీసుకోండి. తాళాలు మాత్రం బ్యాంకు వచ్చాక ఓనర్ చేతికి ఇవ్వకండి, ఇచ్చిన చోట సంతకంతో రసీదు తీసుకోండి.

షాపు పెట్టుకున్నవాళ్లు, లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించుకున్నవాళ్లు, గడువు మిగిలిన రిజిస్టర్డ్ లీజు ఉన్నవాళ్లు, వీళ్ల లెక్క వేరు. వాళ్లు తర్వాతి మెట్టు చూడాలి.

7. డీఆర్‌టీకి వెళ్లడం

బ్యాంకు చర్య తీసుకున్న తేదీ నుంచి 45 రోజుల్లోపు డెట్స్ రికవరీ ట్రిబ్యునల్‌లో సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయాలి. తెలంగాణ వాళ్లకి హైదరాబాద్‌లో ఉంది, ఆంధ్రలో విశాఖలో ఉంది, మీ జిల్లా ఎక్కడికి వస్తుందో లాయర్‌ని అడగండి. 2016 సవరణతో వచ్చిన 17(4ఎ) ప్రకారం అద్దెదారు హక్కుని ట్రిబ్యునల్ పరిశీలిస్తుంది. చూసేవి నాలుగు: లీజు గడువు అయిపోయిందా, 65ఎకి విరుద్ధమా, తనఖా షరతులకి విరుద్ధమా, 13(2) తర్వాత పుట్టిందా. నాలుగింటికీ మీ సమాధానం కాగితంతో చూపించగలిగితేనే వెళ్లండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, దగ్గర్లోని సివిల్ కోర్టులో బ్యాంకు మీద ఇంజంక్షన్ కోసం దావా వేయడం. సర్ఫేసీ విషయాల్లో సివిల్ కోర్టుకి అధికారం లేదని సెక్షన్ 34 అంటుంది. ఆ దావా కొట్టేసే లోపు మీ 45 రోజులు దాటిపోతాయి. ఎవరైనా లాయర్ ఆ సలహా ఇస్తే ఇంకో లాయర్‌ని కూడా అడగండి, డీఆర్‌టీలో ప్రాక్టీస్ చేసే వాళ్లని.

ఫీజు భరించలేని వాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోన్ చేయవచ్చు. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. అగ్రిమెంట్ ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

8. కమిషనర్ వచ్చే రోజు

తలుపులేసుకుని లోపల కూర్చోకండి, తాళాలు పగలగొట్టడానికి కూడా వాళ్లకి ఆర్డర్ ఉంటుంది. ఆర్డర్ కాపీ అడగండి, అందులో ఫ్లాట్ నంబర్ మీదేనా చూడండి (పక్క ఫ్లాట్‌ది అయిన సందర్భాలు ఉంటాయి, ముఖ్యంగా డోర్ నంబర్లు మారిన పాత కాలనీల్లో). మీ కాగితాల సెట్ ఒకటి కమిషనర్‌కి ఇచ్చి, ఇచ్చినట్టు పంచనామాలో రాయమనండి. బంగారం, సర్టిఫికెట్లు, మందులు, పిల్లల పుస్తకాలు ముందురోజే వేరేచోట పెట్టుకోండి. మిగతా సామాను లోపల ఉండిపోతే లిస్టు రాయించి, మీకు ఒక కాపీ తీసుకోండి, వీడియో తీయండి.

ఇంటికి తాళం పడ్డాక కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. బ్యాంకు చేసింది తప్పని తేలితే బాధితుడికి ఇంటిని తిరిగి అప్పగించమనే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. కానీ అంతవరకూ తెచ్చుకోకపోవడమే మంచిది.

9. వేలంలో ఇంకొకరు కొంటే

కొన్నవాళ్లు అద్దె కోసం పెట్టుబడిగా కొని ఉంటే మిమ్మల్నే ఉండమనవచ్చు. సేల్ సర్టిఫికెట్ కాపీ చూసి, కొత్త అగ్రిమెంట్ రాసుకుని, కొత్త అడ్వాన్స్ ఎంతో తేల్చుకున్నాకే అద్దె ఇవ్వండి. ఇల్లు చేతులు మారిందని తెలియక పాత ఓనర్‌కి కట్టిన అద్దె మళ్లీ కట్టక్కర్లేదు, తెలిశాక కట్టింది మాత్రం వృథా. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ పాత బాకీలు మీ నెత్తిన వేయకుండా ఆ రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి పెట్టుకోండి.

అంతా సరిగ్గా జరుగుతోందని చెక్ చేసుకోవడం

వారానికోసారి మూడు చోట్ల చూడండి. ఒకటి, ప్రభుత్వ బ్యాంకుల వేలం ఆస్తులు పెట్టే బ్యాంక్‌నెట్ పోర్టల్, అక్కడ మీ ఏరియా పేరుతో వెతకండి. రెండు, అప్పిచ్చిన సంస్థ సొంత వెబ్‌సైట్, సర్ఫేసీ కింద స్వాధీనం చేసుకున్న ఆస్తుల జాబితా పెట్టాలని 2023లో ఆర్‌బీఐ ఆదేశించింది. మూడు, కేసు వేసి ఉంటే డీఆర్‌టీ సైట్‌లో కేసు స్టేటస్, వాయిదా తేదీ లాయర్ చెప్పిందే నమ్మకుండా మీరే చూడండి. మీరు పంపిన ఉత్తరం చేరిందో లేదో పోస్టల్ ట్రాకింగ్‌లో చూసి ఆ పేజీ కూడా ప్రింట్ తీసి పెట్టండి, ఎందుకంటే కొన్నాళ్లకి ఆ వివరాలు సైట్‌లో కనిపించవు. సేల్ నోటీసు వస్తే అందులో అద్దెదారు ఉన్నట్టు రాశారో లేదో చదవండి, రాయకపోతే అదే రోజు మెయిల్‌లో అభ్యంతరం పంపి, పాత ఉత్తరం కాపీ దానికి జతచేయండి.

ఓనర్ మధ్యలో ఫోన్ చేసి "బ్యాంకుతో సెటిల్ అయిపోయింది, టెన్షన్ పడకండి" అంటే సంతోషమే, కానీ లోన్ క్లోజ్ అయినట్టు లేదా చర్యలు ఆపినట్టు బ్యాంకు ఇచ్చిన లెటర్ చూపించమనండి. అది కళ్లారా చూసేదాకా ఇల్లు వెతకడం ఆపకండి. కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు దాని ఈసీ కూడా తీయండి. తనఖా ఉంటే భయపడక్కర్లేదు, లోన్ లేని ఫ్లాట్లు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి గనక, కాకపోతే కిస్తీలు సరిగ్గా కడుతున్నట్టు తాజా లోన్ స్టేట్‌మెంట్ చూపించమని అడగండి, అడ్వాన్స్ రెండు నెలలు మించనివ్వకండి.